ఆంప్లిఫయర్ వెనక

పూర్ణా మార్కెట్ వెనక సందులో
నాది మైకు సెట్టు కొట్టు.
ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి,
వారానికోసారి పెట్రోలు గుడ్డతో తుడుస్తాను.
పెళ్ళికీ, దినానికీ, ఏ జెండా మీటింగుకైనా
ఒకటే అద్దె.

విల్లూరి నూకరత్నం బుర్రకథ
ఇరవై రెండేళ్ళుగా నా మైకులోనే పలికింది.
తందాన అనే ముందు ఆవిడ పీల్చే ఊపిరి
ఎంత పొడుగో నాకు తెలుసు,
దాని కోసం బేసు రెండు గీతలు తగ్గిస్తాను.
మా ఆవిడ పురిటినొప్పుల రాత్రి
కేజీహెచ్ మెట్ల మీద కూచుని
నేను గొణుక్కున్నది దేవుడి పేరు కాదు,
ఆవిడ చెప్పే యుద్ధఘట్టం.

అలాంటి మనిషి
మొన్న ఎండల్లో, కంచరపాలెం మెట్టు దగ్గర,
కథ మధ్యలో ఆపి, తంబురా భుజం మీంచి దించి
"ఆ పాత జెట్టీ తీసెయ్యడమే మంచిది,
పెద్ద ఓడలొస్తే పిల్లలకి పనులొస్తాయి" అంది.

నా చెల్లెలి మొగుడు మైలపల్లి పోలరాజు
ఆ జెట్టీ మీదే బోటు ఇంజన్లు విప్పి బిగిస్తాడు.
వాడి గోళ్ళ కింద గ్రీజు
పెళ్ళి ఫొటోలో కూడా కనిపిస్తుంది.

ఇంటికొచ్చి
ఆవిడ క్యాసెట్లు పదకొండూ
బియ్యం డబ్బా వెనక పెట్టేశాను.
పారెయ్యలేదు. వినలేదు.
ఎవరికీ చెప్పలేదు,
చెప్పడానికి అదేమైనా ఉద్యమమా,
అలిగిన కడుపు, అంతే.
మా ఆవిడ మాత్రం చేపలు తోముతూ
కావాలనే ఆ కథే కూనిరాగం తీసింది.
"నీ చెవులు నీవి, నా నోరు నాది."

నెల తిరక్కుండా ముగ్గురు కుర్రాళ్ళొచ్చారు.
ఒకడు పోలరాజు దగ్గర స్పానరు పట్టడం నేర్చినవాడే.
"మావా, ఆదివారం ఆవిడ ఆ మాట ఎత్తగానే
ఫ్యూజు పీకీ. కరెంటు పోయిందనుకుంటారు.
ఎవుడికి తెలుస్తాది?"

టీ తెప్పించాను.
గ్లాసులు ఖాళీ అయ్యేదాకా మాట్లాడలేదు.
నాకు ఎనిమిదేళ్ళప్పుడు పోర్టు గేటు దగ్గర
మా నాన్న మాట్లాడుతుంటే ఎవడో వైరు కోసేశాడు.
ఆయన నోరు ఆడుతూనే ఉంది,
గట్టున పడ్డ కానాగంతలా.
నాకు గుర్తున్నది ఆ నోరే,
ఏం చెప్పాడో ఇప్పటికీ తెలీదు.

"క్యాసెట్టు దాచుకుంటే నా అలక, బాబూ.
ఈ వైరు ఆరువందల కుర్చీల్లోకి పోతాది.
మీకు చెప్పాలనుంటే పక్క గ్రౌండులో మీటింగు పెట్టండి.
సెట్టు నేనే ఇస్తాను.
అద్దె మాత్రం తగ్గించను."
అమ్ముడుపోయావన్నారు.
అదీ మాటే. అననిచ్చాను.

ఆదివారం
ఆవిడ మళ్ళీ అదే అంది.
గొంతు కాస్త జీరబోయింది.
నా వేళ్ళు నాబు మీదే ఉన్నాయి,
అవి నన్నడక్కుండానే ట్రెబుల్ పెంచాయి.
నాకు గిట్టని మాట
చివరి వరస దాకా తేటగా వెళ్ళింది.
కొందరు కుర్చీలు ఈడ్చి లేచిపోయారు,
ఆ చప్పుడూ మైకులో పడింది.
మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు.
నా చేతులు జేబుల్లో ఉన్నాయి.
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

వైర్లు చుడుతుంటే అలవాటుగా వచ్చింది.
"ఎలాగుంది తమ్ముడూ?"
"సౌండు బాగుందమ్మా."
జేబుల వంక ఒక్క క్షణం చూసింది.
"పోలరాజుకి ఎలాగుంది?"
"హార్బరులోనే ఉంటాడు. అడగండి."

వైరు చుట్ట భుజానికెత్తుకున్నాను.
అడిగిందో లేదో నాకు తెలీదు.
క్యాసెట్లు ఇంకా
బియ్యం డబ్బా వెనకే ఉన్నాయి.