వేలు విడిచిన చుట్టరికం

ఖాజాగూడ గుట్ట మీద
టార్చి వెలుగులో దొరికింది ఒకటి.
దొరికిందనుకునేలోపే
తోక నా చేతిలో పెట్టి
బండ సందులోకి జారిపోయింది.
నాకు కావాల్సిందీ అంతే.

చీటీ పెన్సిల్‌తోనే రాయాలి,
సీసాలోని ఆల్కహాలు సిరాని తాగేస్తుంది.
చోటు, తేదీ, బండ ఎత్తు.
పట్టినవాళ్ళు: నేనూ, తహసీనూ.
"పట్టామా మనం!" అని నవ్విందామె.

దిగువన రాళ్ళు కొట్టే ఎల్లేశు
బీడీ ఆర్పి అన్నాడు:
"మౌలాలి గుట్టల గూడ పనిజేసిన మేడం.
గాడి బల్లి వేరు, గిది వేరు.
ఉరుకుడే వేరుంటది."
నోట్‌బుక్కులో రాసుకోలేదు నేను.

హబ్సిగూడలో, ఏసీ గదిలో
తోక కరిగి అక్షరాలైంది.
మనకు యాభై ఆరు కావాలి, దానికి నాలుగు చాలు.
వరస కింద వరస పేర్చాను:
మౌలాలిది, గోల్కొండది, భువనగిరిది,
బయటి సాక్షిగా మా ల్యాబు గోడ మీది ఇంటిబల్లిది.
ఎక్కడో ఒక అక్షరం మారుతుంది,
ఎక్కడో ఒకటి రాలి చిన్న గీత మిగులుతుంది.
తాటాకు మీద నకలు తీసినవాడి తప్పే
ఏ ప్రతి ఏ ప్రతికి పుట్టిందో చెప్పేస్తుంది కదా,
మా లెక్కంతా ఆ తప్పుల్ని నమ్ముకునే.

రాత్రంతా కంప్యూటర్ని వందసార్లు అడిగాం.
తొంభై ఏడుసార్లు ఒకే మాట అంది.
ఖాజాగూడది ఎవరికీ తోబుట్టువు కాదు,
మౌలాలిదానికి పినతల్లి కూతురైనా కాదు.
అరవై లక్షల ఏళ్ళ కిందట
వేలు విడిచిన చుట్టం.
ఇప్పుడా రెంటి మధ్య ఉన్నది
పాతిక కిలోమీటర్ల ట్రాఫిక్కు.

గోడ మీద ఇంటిబల్లి టక్కుమంది.
మా అమ్మలాగే నేనూ
బల్ల మీద మూడుసార్లు వేలితో తట్టాను.
తహసీన్ చూడనట్టు ఊరుకుంది.

మూడో వానాకాలానికి మళ్ళీ వెళ్ళాం.
గుట్ట ఉండాల్సిన చోట నీలిరంగు రేకులు,
రేకుల మీద నవ్వే కుటుంబం, ముప్ఫై తొమ్మిది అంతస్తులు,
వెనకాల గొయ్యి.
జీపీఎస్ అంకెలు తప్పలేదు.
ఆ అంకెల దగ్గర, ఆ ఎత్తున
ఇప్పుడు గాలి ఉంది.

ఎల్లేశు అక్కడే కనబడ్డాడు, మందుగుండు పనిలో,
కనురెప్పల మీద తెల్లటి దుమ్ము.
ఏమడగాలో తెలీక నిలబడ్డాను.
"చూస్తనే ఉన్న మేడం," అన్నాడు అతనే,
"మల్ల కండ్లవడలే."

బతకడానికి తోక వదులుకుంటుంది బల్లి.
మైనస్ ఎనభై చలిలో, మూడో అరలో
గోరంత తోక
ఎవరికోసమో బతుకుతోంది.

సీసా తీసి చూశాను.
పెన్సిల్ గీతలు చెదరలేదు.
పట్టినవాళ్ళు అన్న చోట
కాస్త ఖాళీ ఉంటే
ఎల్లేశు అని రాశాను.
అతని ఇంటిపేరు ఎప్పుడూ అడగలేదు.