తుమ్ము ఏ స్వరం, టీచర్?

మార్చి నెల.
మిర్చి యార్డులో లారీలు బారులు తీరాయంటే
మా మూడో తరగతిలో పాఠం తుమ్ముతో మొదలవుతుంది.
కిటికీలు మూసినా
ఘాటు తలుపు సందులోంచి దూరి
ముందు బెంచీలో కూర్చుంటుంది,
హాజరుపట్టీలో పేరు లేని పిల్లవాడిలా.

నేను ఎక్కాలు చెప్పుకునే మనిషిని.
గుంటూరులో మూడు రోజుల శిక్షణ ఇచ్చి
సంగీతం కూడా చెప్పమన్నారు.
ఒక ట్యాబు,
గంటకే నీరసపడే స్పీకరు,
ఎనిమిది రంగుల గంటలు.
వాటిలో ధైవతానికి నాలుక లేదు.
అన్నీ సరిగా ఉన్నాయని
స్టాకు రిజిస్టర్లో సంతకం పెట్టాను.

"నువ్వు పాడక్కర్లేదమ్మా, నొక్కితే చాలు,
అదే పాడుద్ది" అన్నారు హెడ్మాస్టరు.

నొక్కాను.
అది పాడలేదు, వినడం మొదలెట్టింది.
తెర మీద ఒక సూది లేచి
చెవిన పడిన ప్రతి చప్పుడికీ పేరు పెడుతోంది.
నడిమధ్య నిలిస్తే పచ్చ,
పక్కకి ఒరిగితే ఎరుపు.

ముందు ఫ్యాను. రిషభం, కాస్త కిందికి జారింది.
"ముసల్ది కదా టీచర్" అన్నాడు మస్తాన్‌వలి.
బండ మీద బెంచీ ఈడిస్తే
సూది గజగజా వణికి ఏ పేరూ చెప్పలేకపోయింది.
గరిటె గిన్నె అంచుకి తగిలితే నిషాదం, పచ్చగా!
ఆ పూట నుంచి అన్నం వడ్డించే ఏసమ్మ
నిషాదం ఆయమ్మ అయిపోయింది.
మొదట తిట్టనుకుంది పాపం,
నన్ను పక్కకి పిలిచి అర్థం అడిగింది.

అప్పుడు లేచాడు దావీదు:
"తుమ్ము ఏ స్వరం, టీచర్?"

నలభై ముక్కులు పైకి లేచాయి.
నెలంతా ఆగని తుమ్ము
కావాలంటే రాదే!
జేబురుమాలు కొస మెలిపెట్టి చూశారు, ఎండకేసి చూశారు.
తుమ్ము కోసం కాచుక్కూర్చున్న ఆ తరగతిలో
నేనెప్పుడూ ఎరగని నిశ్శబ్దం.
యార్డులో కాటా దగ్గర
బస్తాల లెక్క పాడుతున్న గొంతు
ఇక్కడిదాకా వినిపించింది.

సూది కదిలింది.
కదిలి, నిలబడింది. పచ్చగా.
ఎవరిది?
చివరి వరసలో సువార్త.
పెదాలు మూసే ఉన్నాయి.
ట్యాబు పట్టుకుని దగ్గరికి వెళ్ళాను,
దీపం ఆరిపోతుందేమో అన్నట్టు.
"ఎవరు నేర్పారే?"
"మా అమ్మ కాయలకి తొడాలు తీసుద్ది టీచర్.
చేతులు మండుతయ్యి.
నన్ను ముట్టుకుంటే నాకూ మంటని
జోకొట్టదు.
దూరంగా కూచుని ఊఁ అంటది.
నేను నిద్దరపోయిందాకా."

ఏ స్వరమో చూడటం మర్చిపోయాను.
రిజిస్టర్లో ఎక్కడ రాయను దీన్ని,
ఏ వరస సంఖ్య కింద?

నాకు పదేళ్ళప్పుడు, బ్రాడీపేట బళ్ళో,
ఆగస్టు పదిహేను బృందగానంలో
మేడమ్ నా భుజం తట్టి చెవిలో చెప్పింది:
"నువ్వు పెదాలు కదుపు చాలు."
ఇప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్ళు
రోజూ ప్రార్థనలో పెదాలే కదుపుతున్నాను.
పిల్లలకి తెలీదు.
మైకుకి తెలుసేమో.

మర్నాడు ట్యాబు వాళ్ళ వైపు తిప్పిపెట్టి
గొంతు సవరించుకుని
స అన్నాను.
తెర నాకు కనపడదు,
వాళ్ళ మొహాల్లోనే చూసుకోవాలి.
ఎరుపని అర్థమైంది.
"కొంచెం పైకి టీచర్"
"ఎక్కువైంది, దిగండి"
"ఇంకొంచెం, ఇంకొంచెం... అమ్మో జారింది!"
తొమ్మిదో ఎక్కం దగ్గర నేను వాళ్ళని లాక్కొచ్చినట్టే
చెయ్యి పట్టి లాక్కెళుతున్నారు.
సువార్త ఏమీ అనలేదు.
సన్నగా ఊఁ అంటూ
నేను వచ్చేదాకా అక్కడే నిలబడింది.

వచ్చానో లేదో,
మస్తాన్‌వలి గట్టిగా తుమ్మాడు.
ట్యాబు వైపు
ఒక్కరూ చూడలేదు.