గాటు పెట్టని కాయ

అక్టోబరు ముప్పై ఒకటి. కొండ మీది పొగమంచు
మెట్లు దిగి మా వీధి మలుపు దాకా వచ్చింది.
నాన్న పొయ్యి ముందు కూర్చున్నాడు,
ఒళ్లో గోనెసంచి, చేతిలో వంకర కత్తి.
ఒక్కో కస్తాన్యా పొట్ట మీద ఒక్క గాటు.
"ఊపిరాడాలి దానికి," అంటాడు,
"లేకపోతే లోలోపలే ఉడికి ఉడికి
ఎవరి ముఖం మీదో పేలుతుంది."

ఈ మాట అన్న మనిషి,
అమ్మను శ్మశానం గోడ అరలో ఉంచి వచ్చిన రోజు
బూట్లకు అంటిన బురద గురించి తప్ప
ఇంకేమీ మాట్లాడలేదు.

నేను పనెయెట్స్ కోసం బాదంపిండి పిసుకుతున్నాను.
అమ్మ చీటీలో కొలతలున్నాయి:
బాదం ఒక కిలో, పంచదార ముప్పాతిక,
ఉడికించిన దుంప ఒకటి,
నిమ్మతొక్క చాలినంత.
ఆ చాలినంత ఎంతో
మూడేళ్లుగా తేలడం లేదు నాకు.
పైన్ గింజలు ఈ ఏడు బంగారంతో తూగుతున్నాయి.
కొట్టు ఎర్మెసిందా తక్కెడ ముందు నిలబడి
గింజ గింజకీ క్షమాపణ అడుగుతున్నట్టు పోసింది.
మా ఓనా, ఎనిమిదేళ్లది,
ఉండకు ఇరవై చొప్పున లెక్కపెట్టి అద్దుతోంది.
ఇరవై ఒకటోది నోట్లో వేసుకుంటోంది.

నాన్న ఈ ఊరి గంటలు కొట్టినవాడు.
ఈ ఒక్క రాత్రి, తెల్లవార్లూ,
పోయినవాళ్లందరి కోసం.
తాడు లాగి లాగి చేతులు చచ్చుబడే వేళకి
ఇంటింటి నుంచీ వేడి కాయలు
గోపురం మెట్లెక్కి వచ్చేవట.
చొక్కాలో పోసుకుంటే
రొమ్ముకి కాపడం, తర్వాత కడుపుకి.
ఆ పైన మోటారు వచ్చింది.
మోటారుకి ఆకలి లేదు.
ఆ తర్వాత, ఊరి చివర ఇళ్లలో అద్దెకు దిగేవాళ్లు
నిద్ర పట్టడం లేదని కాగితం పెట్టారు.
ఇప్పుడు పది దాటితే గంట నోరెత్తదు.

అయినా నాన్న పడుకోడు.
మోకాలి మీద మోస్కతెల్ గ్లాసు,
ఉండుండి కుడిచేయి
మోచేతి దాకా కొంచెం కదులుతుంది.
చూడనట్టు నేను చిలగడదుంపలు తిప్పుతాను.
తొక్క చిట్లి, పాకం కారి,
నిప్పుల్లో పడి చుయ్యిమంటుంది.

చిల్లుల పెనం మంట మీదికెక్కింది.
"తాతా, అయ్యాయని ఎట్లా తెలుస్తుంది?"
"ఒకదాన్ని వదిలేశాను, గాటు పెట్టకుండా."
"ఏది?"
"అది దానికే తెలుసు."

ముగ్గురం ఒక చప్పుడు కోసం కూర్చున్నాం.
పదకొండయింది.
పదకొండయిందని ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

అప్పుడు పేలింది.
పెనం ఎగిరింది, రవ్వలు, పిల్ల కేక,
పిల్లి బల్ల కిందికి,
తెల్లటి పప్పు ముక్క ఒకటి
అమ్మ కుర్చీలో మెత్త మీద పడి పొగలు కక్కింది.

నాన్న లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.
"రెమెయ్," అన్నాడు.
అంతే. అమ్మ పేరు.
ఈ గదిలో, మూడేళ్ల తర్వాత, గట్టిగా.

తర్వాత విశేషమేమీ లేదు. తిన్నాం.
వేళ్లు కాలాయి, గోళ్ల కింద మసి.
పనెయెట్స్ కాస్త మాడాయి, నిమ్మ ఎక్కువైంది,
నాన్న నాలుగు తిన్నాడు.
రేపు చామంతులు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాలి,
పలక మీది దుమ్ము తుడవడానికి
పాత తువ్వాలు ఒకటి తీసి పెట్టాను.

పడుకోబోతూ ఓనా
దిండు కింద కాయలు దాచుకుంది,
రాత్రి వచ్చేవాళ్లు అవి తీసుకుని
కాళ్లు లాగకుండా వెళ్లిపోతారని.
తాత దిండు కిందా రెండు పెట్టబోయింది.

"నాకొద్దమ్మా," అన్నాడు నాన్న,
"లాగితే లాగనీ."