యాళ్ల

చండూరు తోవల, చెల్క పత్తి చేన్ల
ఆరు బుట్టలు కట్టిన్రు.
పసుపుపచ్చ మూత, కింద పొడుగు సంచి,
మూత లోపట రబ్బరు బిళ్ల, చిక్కుడు గింజంత.
ముక్కు కాడ వెట్టుకుంటే నాకు రబ్బరు వాసనే.
"ఆడ పురుగు వాసన అది సైదమ్మా, మొగదానికే తెలుస్తది"
అన్నది స్రవంతి మేడం, నవ్వకుండ.

గంటకొక్కపారి టార్చి ఏసి లెక్క రాయాలె.
రాత్రికి మూడు నూర్లు. ఫ్లాస్కుల చాయ్ వాళ్లదే.

ఏడింటికి సున్న.
తొమ్మిదింటికి సున్న.
పదకొండింటికి ఒకటి వడ్డది, అది గులాబి పురుగు గాదు,
కొట్టేసిన.
మా అత్త ముత్తమ్మకు గడియారం చూసుడు రాదు,
గొర్రుకొయ్యలు నెత్తిమీదికొస్తే నడిజాము దాటిందంటది.
అవి నెత్తిమీదికొచ్చినంక
చేను మీద ఎవలో పిండి జల్లినట్టు
సన్నగ కదిలింది.
రెండింటికి పదకొండు.
మూడింటికి ఇరవై ఆరు.
నాలుగింటికి నాలుగే.
తెల్లారినంక బిళ్ల గట్లనే ఉంటది, గాలి గట్లనే మోస్తది,
ఒక్కటన్న రాదు.

"ఎండకు వాసన వోతదా మేడం?"

"పోదు. పొద్దంత ఉంటది.
పురుగు మీసాలకే ఒక గడియారం ఉంటది.
తలకాయల ఉన్నది వేరు, మీసంల ఉన్నది మీసానిదే.
యాళ్ల గాకుంటే ముందటున్నా పట్టదు.
ఈగ మీసం కోసి విడిగ వెట్టి చూసిన్రు,
అది ఒక్కతే రాత్రీ పగలూ లెక్కవెట్టుకుంటున్నదంట."

ఆ మాట ఇన్నంక
రెండు మూడు సార్లు ముక్కు తడుముకున్న.

లింగస్వామిది చౌటుప్పల్ మందుల కంపెనీ.
వారం పగలు, వారం రాత్రి.
రాత్రి డూటీ దిగి పొద్దుగాల వస్తడు,
అంగీకి మాగిన పండోలె తియ్యటి గత్తర,
రెండుసార్లు పిండినా పోదు.
పులుసు ముందట వెడ్తే
"దీంట్ల చింతపండు ఏసినవా?" అంటడు.
కుండెడు ఏసిన.
పెండ్లయిన కొత్తల
నా మెడకాడ తడిసిన పెసర్ల వాసనొస్తదని
నలుగురిట్ల అన్నడు, సిగ్గు లేకుండ.
ఇప్పుడు అనడు.
ముక్కు వోయిందనుకున్న కొన్నొద్దులు,
నేనే పోయిననుకున్న కొన్నొద్దులు.

ఆఖరు రాత్రి, మూడింటికి,
సంచి ఇప్పి సచ్చినవాటిని కాయితం మీద పోసి
ఏలుతోని జరుపుకుంట లెక్కవెడుతున్న.
ఏళ్లకంత బూడిద రంగు పొడి.
ఫోను మోగింది.
"ఏం జేస్తున్నవ్?"
"మొగ పురుగుల లెక్క."
"ఎన్ని?"
"ఇరవై ఆరు."
అవతల మిషన్ల సప్పుడు, మధ్యల ఎవలో దగ్గిన్రు.
"కాంటీన్ల పప్పుకు తాలింపు ఏస్తున్నరే," అన్నడు.
"ఎల్లిగడ్డ వాసన గేటు దాక వస్తంది.
ఎంత ఆకలైతందో."

నేనేం అనలే.
చేన్ల ఇంకా రెక్కలు కొట్టుకుంటున్నయి.
"నీకు నిద్రొస్తలేదా?" అని అడిగిండు.
"యాళ్లనే కదా," అన్న.

సోమారం నించి మల్ల పగటి డూటీ ఆయనకు.
నాకు ఈ పని ఇయ్యాలటితోని ఒడిసింది.

రిజిస్టర్ల మూడింటి గడిల ఇరవై ఆరు రాసి
పక్కన ఒక గీత గీసిన.
మేడం అడిగితే
చెయ్యి జారిందని చెప్త.