మెడచుట్టు

గుత్తి కోటకు పడమర, వాగు పక్కన
ఫారంపాండు గుంత తవ్వుతా తవ్వుతా
మోకాటి లోతులో దొరికినాయంట.
తిప్పక్క వక్కాకు తిత్తి విప్పి
నా మిషను బల్ల మీద కుమ్మరించింది:
ఐదు గుండీలు, రెండు వక్కలు, చిటికెడు సున్నం.

"బంగారమా, దస్తగిరీ?"
"బంగారం మట్టిలో ఉన్నా మబ్బు పట్టదక్కా.
ఇవి తగరం. వెనక కొక్కెం మటుకు ఇత్తడి."
చింతపండు పెట్టి తోముతానంటే చెయ్యి పట్టుకున్నా.
ఆ చిలుమే వీటి వయసు.
తోమితే వయసుతో పాటు మొహం కూడా పోతుంది.

మా జేజినాయన గుంతకల్లు రైలోళ్లకు కోట్లు కుట్టినోడు.
ఆయన రేకు డబ్బీ నాకు బడి.
అందులో ఉబ్బుగా ఉండేవి రైలువి,
ఒకటి గార్డుది, నల్లబడిందొకటి పోలీసుది.
కిరీటం నడుమ నొక్కుకుంటే రాణి కాలం,
గుండ్రంగా లేస్తే రాజు కాలం,
సింహాలొస్తే మన కాలం.

ఇవి ఆ లెక్కలో దేనికీ రాలేదు.
పప్పుబద్ద మాదిరి చదును.
కిరీటం లేదు, సింహం లేదు.
చుట్టూ తాడు పేనినట్టు ఒక గీత, నడుమ ఒక అంకె.
సూదికి దారమెక్కించే భూతద్దం పెట్టి చూసినా:
ముందరిది రెండా, మూడా?
వెనకది ఆరే, దాని కడుపు మిగిలింది.
అది పటాలం అంకె.
మనిషికి అంకె కూడా లేదు.

డొక్కల కరువుకు ముందరివే, అంతమటుకు అనుకోగలను.
ఎంత ముందరో చదువుకున్నోళ్లు చెప్పాల.
నేను దర్జీని, నాకు తోచింది ఒకటే ప్రశ్న:

"అక్కా, వరసగా దొరికినాయా, చెదురుగానా?"
"వరసా కాదు, చెదురూ కాదబ్బా.
ఒకదాని మీద ఒకటి,
దోసెలు పేర్చినట్టు."
"బొమికలు?"
"ఒక్కటీ లేదు. గరుసు మట్టి, పైన ఒక బండ.
ఫీల్డు అసిస్టెంటు టేపు పట్టుకోని అరుస్తాండె,
ఇంకేం చూస్తాం."

మిషను తొక్కేది ఆపినా.

మనిషి కోటులో పడుంటే గుండీలు వరసగా ఉంటాయి,
గొంతు నుంచి బొడ్డు దాకా, బెత్తెడుకొకటి.
నక్కలు లాగితేనో, వాగు తోస్తేనో చెదురుతాయి.
ఒకదాని మీద ఒకటి పడాలంటే
కోటు మడత పెట్టాల.
చేతులు లోపలికి, మడత మీద మడత,
పెళ్లి బట్ట మడిచినంత నిదానంగా
ఎవడో విప్పినాడు, మడిచినాడు,
బండ కింద పెట్టినాడు,
పంచె ఎగ్గట్టుకోని నడిచినాడు.

పెన్న వైపా, పత్తికొండ వైపా?
జీతం ముట్టలేదో,
ఊర్లో వాన పడిందని కబురొచ్చిందో.

మూడో గుండీ కొక్కెంలో చిలుము గీకితే
దారం ఉంది.
కోటు మట్టయింది, కాజాలు మట్టయినాయి,
ఇత్తడి విషం ఈ నాలుగు పోగుల్ని చెదలకు పెట్టలేదు.
ఊపిరి బిగబట్టి లెక్కపెట్టినా:
నాలుగు కుట్లు, మెడ చుట్టూ మూడు చుట్లు, ఒక ముడి.
మా జేజినాయన నాకు నేర్పిన మెడచుట్టు.
ఆయనకెవరు నేర్పినారో
ఎప్పుడూ అడగలేదు.

"అమ్మితే ఎంతొస్తుంది?"
"పాత సామాన్లోడు కిలో లెక్కన తీసుకుంటాడు.
ఐదూ కలిపి ఒక టీ."
వక్క నములుతా నవ్వింది.

ఎండకని రైక మీద తొడుక్కున్న మొగుని చొక్కాకు
రెండో గుండీ ఊడిపోయి పిన్నీసు పెట్టుకోనుంది.
"ఒకటి కుట్టియ్యనా?"
"సచ్చినోని గుండీ నాకొద్దు నాయనా."
"సచ్చినోనిది కాదక్కా.
పని ఇడిసి పారిపోయినోనిది."

తిప్పక్క గుండీ వైపు చూసింది,
తర్వాత గోడ గడియారం వైపు.
మధ్యాన్నం హాజరుకు ఇంకా అర్ధగంట.
పిన్నీసు తీసి నోట్లో పెట్టుకోని, పండ్ల సందు నుంచే అనింది:
"ఐతే గట్టిగా కుట్టు."