తెల్లమచ్చ

తలుపు తియ్యి హజరత్తయ్యా,
ఎండలో ఎట్టా కనపడతాదో చూస్తా.
అబ్బ!
ఏం చేశావయ్యా దీన్ని?
స్టీరింగు పక్కన అరచేయంత మేర
పాలు ఒలికి ఆరిపోయినట్టు తెల్లగా,
మధ్యలో వేలు పెడితే వేలే అంటుకుంటా ఉండాది.

మాట్లాడబాక, నేనే చెప్తా.
ముందు ఈడ ఏదో అతికించుండావు.
గుండ్రంగా, రూపాయి బిళ్ళకి నాలుగింతలు.
గడియారమా?
యాభై టన్నుల మేత కొన్నందుకు కంపెనీవోళ్ళు ఇచ్చిందా?
నువ్వే అతికించావు, మురిసిపోతా,
చెప్పులు కుట్టే బంక పెట్టి,
ఎన్నటికీ ఊడకూడదని.
ఊడకూడదనుకునే రోజు ఒకటుంటాది మనిషికి.

తర్వాత పీకావు.
ఎందుకని అడగను.
ఇసకపల్లి గుంటల సంగతి
పోయిన నెల కావలి ట్రంకు రోడ్డు దాకా వాసనొచ్చింది.

గడియారం వచ్చింది, బంక రాలా.
గోరుతో గీకావు. బ్లేడుతో గీకావు, ఇదిగో గాటు.
పెట్రోలు పూశావు.
అది చాలక పెయింటరు కాడ తిన్నరు తెచ్చావు.
అదీ చాలక
గుంటలకి చల్లంగా మిగిలిన బ్లీచింగు,
ఔనా కాదా?
నా ముక్కుకి అబద్ధం చెప్పలేవు,
ముప్పయ్యేళ్ళు రెక్సినూ సొల్యూషనూ పీల్చిన ముక్కు ఇది.

బంకది మొండితనమే గానీ పగ కాదయ్యా.
కొబ్బరినూనె రాసి ఒక్క పూట వదిలేసుంటే
పండిన చింతకాయకి పెంకు వదిలినట్టు
తనే వదిలేది.
ఒక్క పూట.
ఆ పూట నీకాడ లేకపాయ.

సరే, దిగు. మౌలాలీ, రెండు టీ చెప్పు.

ముందు వట్టి నీళ్ళతో తుడవాలి.
మందు పేరెత్తితే ఇది బెదిరేట్టుండాది.
ఆరినాక గరుకు కాగితం, నాలుగొందలది,
తర్వాత ఎనిమిదొందలది,
తర్వాత నా బొటనవేలు.
గాట్లో మెత్తటిది నింపి తీడతా.
నున్నగా అయిందని నువ్వు సంబరపడతావు.
నున్నగా ఉంటే ఎట్టా?
దీనికీ చర్మం ఉండాది, చూడు,
ముసలి తాబేలు మెడ మీద ఉన్నట్టు సన్న సన్న గీతలు.
ఆ గీతలు నేను పుట్టించలేను.
అందుకని ఈ సొరుగు ఊడదీసి
కిందపక్క,
నీ కన్నుగానీ ఎండగానీ ఎన్నడూ పడని చోట
సిలికాను పోసి అచ్చు తీస్తా.
వేడి మీద దాన్ని
ఈ దెబ్బ మీద అద్దుతా.
కారు చర్మం కారుకే.

రంగంటావా, అది డబ్బాలో దొరకదు.
కంపెనీ బూడిదరంగు కొట్టేస్తే
పాత పంచెకి కొత్త మాసిక మాదిరి
ఊరంతటికీ కనపడతాది.
పదకొండేళ్ళ ఎండ కలపాల దీంట్లో.
పసుప్పచ్చ రెండు చుక్కలు,
మట్టిరంగు ఒక చుక్క,
మీ ఉప్పుగాలి పేరు చెప్పి కాస్త తెలుపు.
ఉలిక్కిపడబాక, తెలుపే.
ఇంతే పడితే కలిసిపోతాది,
ఎక్కువైతే మచ్చ.
నీకు నేను చెప్పేదేముంది,
రొయ్య వీపు మీద చూసినోడివి.

సాయంత్రం రా.
ఆరేదాకా చెయ్యి పెట్టబాక,
ఏదీ అతికించబాక, దేవుణ్ణి కూడా.
నాలుగున్నరప్పుడు ఎండ ఏటవాలుగా పడితే
పక్క సీట్లో కూచున్నోళ్ళకి
ఒక వెంట్రుకంత గీత కనపడతాది
అచ్చు కలిసిన కాడ.
అది చెరపడం నాకు రాదు.
దానికి డబ్బులు తగ్గించమన్నా తగ్గిస్తా.

ఆఁ, ఇంకోటి.
గడియారం పారేశానన్నావే ఇందాక మౌలాలితో,
వెనక సీటు కింద ఏందో
టిక్కు టిక్కుమంటా ఉండాది.
నేను తియ్యను.
నీ కారు.