ఆవాల సంచి

ఈ ఊళ్ళో గుండుకు ఎవరూ కారణం అడగరు.
బస్టాండు నుంచి అలిపిరి దాకా
చందనం పూసుకున్న తలలు ఎన్నో,
వాటిలో నాదొకటి.
"ఎప్పుడు పోయొస్తివి కొండకు?" అంది
కొర్లగుంటలో కూరగాయల గురవమ్మ.
"నిన్ననే" అన్నాను.
పది రూపాయల చందనం కొని
నేనూ పూసుకున్నాను, అబద్ధం ఆరిపోకుండా.
కాటుక పెన్సిలు కూడా కొన్నాను.
మూడో కీమో అయిన వారం అది.

ఇరవై రెండేళ్ళుగా రవికెలు కుడతాను.
మా వీధి ఆడవాళ్ళ కొలతలన్నీ
అట్ట చిరిగిన నా నోటుబుక్కులో ఉన్నాయి.
నా పేజీలో మాత్రం
ఒక వైపు కొట్టేసి
ఏం రాయాలో తెలీక పెన్నుకు మూత పెట్టేశాను.
ఆ వైపుకు గుడ్డ సంచి కుట్టి
ఆవాలు పోసుకున్నాను.
తూకం వేసింది గురవమ్మ తక్కెడలోనే.
ఇన్ని ఆవాలెందుకు మే అంటే
ఊరగాయకన్నాను.

పరిగెత్తమని ఎవరూ చెప్పలేదు.
డాక్టరమ్మ నడవమంది.
నడిస్తే ఆలోచనలూ జతగా నడిచేవి,
నాకంటే ముందే మలుపు తిరిగేవి:
వడ్డీ తేదీ, చెల్లెలి మొహం,
రిపోర్టులో నాకు అర్థం కాని ఒక మాట.
ఒక తెల్లారుజామున
కపిలతీర్థం రోడ్డులో
వాటికి చెప్పకుండా పరిగెత్తాను.
ఒక్క కరెంటు స్తంభం దాకా.
ఆ స్తంభాన్నే వాటేసుకుని కక్కుకున్నాను.
టీ అంగడి దొరస్వామి చెంబుతో నీళ్ళిచ్చి
"యాడికి మే అంత అర్జంటు?" అన్నాడు.
"ఈడికే" అన్నాను.

మర్నాడు రెండో స్తంభం.
తర్వాత మందు ఎక్కించినారు.
నోరంతా తుప్పు రుచి,
తొమ్మిది రోజులు మంచం దిగలేదు.
మళ్ళీ మొదటి స్తంభం.
కుట్టిందే విప్పి కుట్టడం
చేతులకు పాత అలవాటు,
కాళ్ళు రొంత ఆలస్యంగా నేర్చుకున్నాయి.

పరిగెత్తేటప్పుడు ఆవాలు
రవిక లోపల సర్రు సర్రుమనేవి,
వెనకాలే ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు.
ఒకరోజు అలిపిరికి కాస్త ముందు
కుట్టు తెగింది. నా చేతి కుట్టే!
చుడీదారు అంచు మీదుగా
తమ్ముడి కొడుకు పాత బూట్ల మీదుగా
రోడ్డంతా ఆవాలు.
మెట్లెక్కడానికి పోతున్న ఒక ముసలామె
చెప్పులు చేత పట్టుకునే వంగి చూసి
"ఇదేం మొక్కు తల్లీ,
ఆవాలు చల్లుకుంటా పరిగెత్తేది?
మా పక్క వినలేదే" అంది.
పొట్ట పట్టుకుని నవ్వాను.
కోసినచోట నొప్పి పుట్టినా నవ్వాను.
ఖాళీ వైపు గాలి తగిలింది.
తిరిగొచ్చేటప్పటికి పావురాలు ఏరుకుంటున్నాయి.
ఆ సంచి మళ్ళీ నింపలేదు.

పరుగు నా జబ్బు తగ్గించిందని చెప్పను.
తగ్గించింది మందు, కత్తి, అప్పు.
పొద్దున మిషను ముందు కూర్చునేటప్పుడు మాత్రం
వీపు మీది చెమట నాదే అనిపించేది,
జ్వరానిది కాదు.

ఇంగ జుట్టొచ్చింది,
రింగులు తిరిగి, ఎవరిదో లాగా.
"ఈమధ్య కొండకు పోలేదా?" అంటాది గురవమ్మ.

నిన్న యూనివర్సిటీ గ్రౌండులో ఒకమ్మాయి,
పాతికేళ్ళు కూడా ఉండవు,
గుండుకు చందనం,
గోడ పట్టుకుని నిలబడి ఉంది.
మొక్కు తీర్చుకుందనుకుని
అందరూ పక్కనుంచే పోతున్నారు.
నేను మొహం చూశాను.
మొక్కు గుండుకు కనుబొమ్మలుంటాయి.

ఏమీ అడగలేదు.
పరుగు ఆపి పక్కన నిలబడి
"ఆ స్తంభం దాకా వస్తావా?" అన్నాను.
స్తంభాన్ని చూసింది.
నా బూట్లు చూసింది.
"దూరం కదక్కా."
"దూరమే" అన్నాను.
గోడ వదిలి
లేసు కట్టుకోవడానికి వంగింది.